కనక తల కొలిసినోడికి

కదపొద్దు కదపొద్దంటావేటి బాబూ ఊరికే? కదపడం నేదు. ఈ రేకు సల్లగా ఉంది, సెవికి తగిల్తే జివ్వుమంటంది, అంతే. ఏడేళ్ళప్పట్నుంచీ నెత్తిమీద గంపతో కొండలు దిగినదాన్ని. తల కదపకుండా ఉండడం నువ్వు నాకు నేర్పాలా?

ఊపిరి కూడా బిగబట్టాలా? సరే, బట్టినాను. కానియ్యి.

అయిపోనాదా? ఓలమ్మ, ఈ ఒక్క టిక్కుమన్న సప్పుడు కోసమా రెండు రోజులు తిప్పినావు నన్ను?

జబ్బున్నోళ్ళకే ఎక్సురే బొమ్మ తీత్తామన్నాడు నీ తాతారావు, అదే, ఆ సీకటిగదిలో బొమ్మలు కడిగే ఆయన. నీకేటి జబ్బన్నాడు. నాకు నేదు నాయనా, మీ డాక్టరు బాబుకే ఉంది, ఆడదాన్ని సూసి మగోడని రాసే జబ్బు అన్నాను. పళ్ళికిలించినాడు. నిన్న పొద్దున్నుంచి నీ గుమ్మంలోనే కూకున్నాను కదా. నాలుగుసార్లు నన్ను దాటుకుని ఎల్లినావు. వాచ్‌మేన్ని పిలుత్తానన్నావు. అయిదోసారి కాలట్టుకున్నాను. సిగ్గేటి? సిగ్గంతా పోలీసుటేసన్లోనే ఒగ్గీసి వచ్చినాను.

ఆ బొమ్మ కడిగి తెచ్చీదాకా ఇక్కడే ఉంటాను. నువ్వూ కూకో. ఎలిపోదామని సూడకు. టీ తాగుతావేమో తాగు, నాకొద్దు.

నువ్వు ఎవుల్ని మగోడని రాసినావో నీకు తెలుసా? తెలీదు. నీకు ఆ అట్టపెట్టి మీదున్న నెంబరు తెలుసు. అందులో ఉన్న తలకాయ మా కనకది. నా కూతురు, నా పెద్ద గుంట. నా పేరు సోములమ్మ, అదీ తెలీదు నీకు, నీ కాయితంలో నా పేరెక్కడా నేదు కదా. అరకులో దిగి, గెడ్డ దాటి, రెండు కొండలెక్కితే మా ఊరు. పదకొండు కొంపలు. కనకని అవతలి కొండ మీద బుధుగాడికిచ్చినాను. నానే ఇచ్చినాను, ఎవులూ నా మెడ మీద కత్తెట్టనేదు.

కొత్త కొర్రలు తినే పండగ ఉంటాది మాకు. ఆ పండగకి నాలుగు రోజుల ముందు కనక మా ఇంటికొచ్చి, తిరిగెల్లినాది. అంతే. మరి ఎవులికీ కనపడనేదు. పండగయ్యాక నాను కబురంపితే బుధుగాడు ఏటన్నాడు? ఇంటికే రానేదు, గాజులమ్ముకునే ఒరియావోడితో లేచిపోనాది అన్నాడు. ఆ గాజులోడెవుడో మా కొండల్లో ఒక్కడూ సూడనేదు. అయినా అందరూ నమ్మీసినారు. లేచిపోనాదంటే నమ్మడానికి ఎవులికీ సాచ్చికం అక్కర్నేదు బాబూ. సచ్చిపోనాదంటేనే కావాల.

మరుసటేడు వానలకి గెడ్డ పొంగి తగ్గినాక, అడ్డాకులకెల్లిన మా తవిటమ్మకి రాళ్ళ సందున తలకాయ దొరికినాది. కింద దవడ నేదు. మీద దవడలో ముందుపన్ను సగానికి ఇరిగుంది. సూసిన ఎంటనే పోల్చీసినాను. ఆ పన్నిరిగినప్పుడు నాను పక్కనే ఉన్నాను మరి. రైలు దారి కోసం కొండలు పేల్చే రోజులవి. రాయి ముక్క ఎగిరొచ్చి గుంట మూతికి తగిలినాది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి నవ్వొత్తే మూతికి సెయ్యడ్డం ఎట్టుకునీది. పెళ్ళయ్యాక కూడా అంతే.

పళ్ళిరిగినోళ్ళు సానామంది ఉంటారంటావు. ఉంటారు. ఆలందరి తల్లులూ నీ గుమ్మంలో కూకున్నారేటి?

ఇనస్పెట్రు ఆ తలని గోనెసంచిలో ఏసుకుని ఎల్లినాడు. మూడు నెలలకి నీ కాయితం వచ్చినాది. మా మల్లేశు, నా కొడుకు, ఆశ్రమం బడిలో సదివి కొత్తగా మాస్టరీ సేత్తన్నాడులే, ఆడు టేసన్లో నిలబడి సదివినాడు. డెబ్బై ఎనిమిది, జనవరి. తలకాయ పురుషుడిది. వయసు ఇరవైకీ ముప్పైకీ మజ్జ. అంతవరకూ సదివి ఆగిపోనాడు. ఇంకేటుంది సదవరా అన్నాను. ఇంకేటీ నేదమ్మా అన్నాడు.

ఇనస్పెట్రు ఏటన్నాడో సెప్పమంటావా? ఇది మగోడిదంట, నీ కూతురు ఎక్కడో గాజులేసుకుని సుకంగా ఉంది, ఎల్లి పడుకో అన్నాడు. జవాన్లందరూ నవ్వినారు. ఒరిస్సా నుంచొచ్చిన కూలోడెవుడో గెడ్డలో పడి సచ్చినాడని రాసీసి ఆ ఫైలు కట్టీసినారు.

నీది ఒక్క ముక్క బాబూ. పురుషుడు. ఆ ఒక్క ముక్క మా కొండ మీద ఏటి సేసిందో ఇను. బుధుగాడు నెల తిరక్కుండా ఇంకో గుంటని తెచ్చుకున్నాడు. మొన్న సంతలో ఎదురుపడినాడు, ఆ కొత్త పెళ్ళాంతో. నాను మొకం తిప్పుకున్నాను. ఆడే ఎనకొచ్చి, నీ కూతురు మగోడంట కదా అత్తా, ముందే సెప్పుంటే నాకీ కాపరం తప్పీది కదా అన్నాడు. సింతపండు అమ్ముకునీవోళ్ళు కూడా నవ్వినారు. నా సేతిలో అప్పుడు కత్తి నేదు, అదే ఆడి అదురుష్టం.

అదంతా పోనీ. మాలో ఎవులైనా సచ్చిపోతే దిసారి, అంటే మాకు పూజలు సేసే పెద్ద, ఆ మనిసిని పేరెట్టి పిలిసి ఇంట్లోకి తీసుకొత్తాడు. పొయ్యికాడ ఓ మూల ఆలకి సోటిత్తాం. పండగకి మొదటి ముద్ద ఆలకే ఎడతాం. కనకని పిలువు అని దిసారి కాడికెల్లినాను. బతికుందని సర్కారోళ్ళే అన్నాక నాను పిలిత్తే ఆ గుంట పేనం మీదకొత్తాది సోములమ్మా, నా వల్ల కాదు అన్నాడు. ఆడి తప్పేటీ నేదు. ఆడికి ఎముకలు తెలీవు, కాయితం తెలుసు.

అంచేత నా కూతురు బతికున్నోళ్ళలోనూ నేదు, సచ్చినోళ్ళలోనూ నేదు. గెడ్డకాడే తిరగతంది. రెండు పండగలెలిపోనాయి, దానికి ముద్దెట్టనేదు నాను. నాకు నీ డబ్బొద్దు, నీ జాలీ వద్దు. ఆ కాయితం మీద ఆ ఒక్క ముక్క మార్చు, ఎలిపోతాను.

ఏటి? కనక తల బొమ్మ సూపిత్తావా? సూపించు. ఆ తెల్లదీపం పలక మీదేనా? ఎట్టు మరి.

ఇదా మా కనక.

ఆగు.

నిన్న నీ మనిసి అడిగినాడు, ఆ పిల్ల ఫోటో ఏదైనా ఉందా అని. మా గుంట పుట్టి పెరిగి సచ్చీదాకా దాన్ని ఎవులూ ఫోటో తియ్యనేదు బాబూ. నువ్వే తీసినావు. ఇదే దాని మొదటి ఫోటో. కళ్ళు నేవు, ముక్కు నేదు. పన్ను మాత్రం ఉంది, ఇదుగో, సగం.

సరే, సెప్పు. ఏది మగోడిది? సెవెనక ఈ బుడిపా? ఆడోళ్ళకి సిన్నగా ఉంటాది, దీనికి లావుగా ఉంది అంటావు. మరి? తలెనకాల, మెడ అతుక్కునే కాడ ఈ గట్టు. ఆడోళ్ళకి నున్నగా ఉంటాది, దీనికి లేచుంది అంటావు. కనుబొమల కాడ ఎముక అటూ ఇటూ కాకుండా ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోనేదు అంటావు. బొమ్మ మీద స్కేలెట్టి కొలిసినావు, పుస్తకంలో మగోళ్ళ లెక్కకి సరిపోనాది, రాసీసినావు. బాగుంది. సదువుకున్నోడివి, కావాలని అబద్దం ఎందుకు రాత్తావు.

ఆ పుస్తకంలో తలకాయలు ఎవులివి?

అదే, ఆడోళ్ళకి ఇంత, మగోళ్ళకి అంత అని కొలిసి రాసినారు కదా, ఆ కొలిసిన ఆడోళ్ళెవులు? తెల్లోళ్ళా? దొరసానులు. మంచిదే. ఇంకా? ఈ ఊళ్ళో ఆస్పత్రికొచ్చినోళ్ళవి నువ్వు కొన్ని కొలిసినావా? అదీ మంచిదే. బిందె సంకనెట్టుకుని కొళాయి నుంచి ఇంటికి నడిసే ఆడోళ్ళు. మా కొండ మీద ఆడదాన్ని ఒక్కర్తినైనా కొలిసినావా బాబూ? ఒక్కర్తిని?

కొలవనేదు. అందుకే కదా నా తల తియ్యమన్నాను.

ఇదుగో, తాతారావొచ్చినాడు. నీళ్ళు కారతన్నా పరవానేదు, ఎట్టీ పలక మీద. కనక పక్కనే ఎట్టు.

కొలు. బేగి కొలు. ముందు ఆ సెవెనక బుడిపి.

మళ్ళీ స్కేలెడతావేటి? ఒకసారి సాల్దా? మూడోసారి కూడానా? కొలు, కొలు. నా తల ఎక్కడికీ పోదు.

ఏటొచ్చినాది? సెప్పవేటి, నోట్లో ముద్దెట్టుకున్నోడినాగ? తాతారావూ, నువ్వు సెప్పు నాయనా, నీకా బయం నేదు.

మగోడు. కనక కన్నా నాదే లావుగా ఉందా?

సూడు మరి. నలుగుర్ని కన్నాను. ఒకర్ని మట్టిలో ఎట్టినాను, ఒకర్ని గెడ్డకిచ్చినాను. నీ స్కేలుకి నానూ పురుషుడినే. రాయి మరి. రాసి ముద్రెయ్యి. మా పెనిమిటి బతికుంటే ఇన్నాళ్ళూ మగోడితో కాపరం సేసినానా అని నెత్తి కొట్టుకునీవోడు. మా మల్లేశుని కూడా తెచ్చి కొలు. పలకా పుస్తకం తప్ప ఏటీ మొయ్యనేదాడు. ఆడిని ఆడదని రాత్తావు.

నీకు నవ్వు రావడం నేదు కదూ. నాకూ రావడం నేదు.

ఎందుకలగుందని నన్నడుగుతన్నావా? ఈ ముక్క జనవరిలో అడిగుంటే నా మొకాన ఉమ్మీవోళ్ళు తగ్గీవోరు. సరే, సెప్తాను. ఇలగ రా. నీ సెయ్యి ఇలగియ్యి. నా సెవెనక ఎట్టు. ఇప్పుడు మెడెనక్కి. గట్టిగా నొక్కు, నాకేటీ నొప్పెట్టదు. తగిలినాదా? మోకుతాడునాగ ఉందా?

మాలో కావిడి మగోళ్ళది. బుజం మీదేసుకుంటారు. నొప్పెడితే ఈ బుజం మీంచి ఆ బుజానికి మార్చుకుంటారు. నెత్తిమీద గంప ఆడదానిది. దానికి మార్చుకోడానికి ఇంకో నెత్తి నేదు. నీళ్ళు, కట్టెలు, సోళ్ళు, సంతకెల్లీ సరుకు, అన్నీ దానిమీదే. ఏడేళ్ళొచ్చీసరికి సుట్టకుదురెట్టి సిన్న కుండెత్తుతాం. కుండ ఒలికితే దెబ్బ. అలగే నేర్సుకుంటాది గుంట, మెడ బిగబట్టి నడవడం.

రైలు దారి ఏసినప్పుడు కంకర మోత్తే కూలిచ్చీవోరు. మేస్త్రి పిల్లలకని సిన్న తట్టలెట్టినాడు. కనకకి పెద్ద తట్టే ఇయ్యండి అన్నాను నాను. మొయ్యనేదేమో అన్నాడాడు. మోత్తాదిలే అన్నాను. మోసినాది. మూడేళ్ళు మోసినాది. మొన్న నాను ఎక్కొచ్చిన రైలు ఆ కంకర మీంచే వచ్చినాది బాబూ. కిటికీకాడ కూకుని సూసినాను. ఏ రాయి దానిదో ఎలగ తెలుత్తాది.

సంబందం సూడ్డానికొచ్చినోళ్ళు మాలో మొకం అంతగా సూడరు. సంత నుంచి తిరిగొచ్చే దారిలో ఓ పక్కన నిలబడతారు. గంపతో ఎక్కు ఎక్కినప్పుడు మెడ నిలబెడతందా, సెయ్యి ఆనించకుండా నడుత్తందా అని సూత్తారు. బుధుగాడి తల్లి కనకని అలగే సూసినాది. ఎంటనే ఒప్పేసుకున్నాది. నా గుంటనాటి మోత ఆ సుట్టుపక్కల కొండల్లో నేదని సంతంతా సెప్పుకున్నాను నాను. అంత మురిసిపోనాను.

నీ పుస్తకంలో ఇది నేదు కదూ? గంప వల్లే ఎముక అలగయ్యిందని నువ్వూ గట్టిగా సెప్పనేవు. కావొచ్చు అంటావు. నిన్నటిదాకా కావొచ్చు అనే మాట నీ నోట ఒక్కసారీ రానేదు.

ఏటి రాత్తన్నావు? పైకి సదువు.

ఆడో మగో నిర్దారించనేము. అంటే? ఇన్నాళ్ళూ తెలుసన్నావు, ఇప్పుడు తెలీదంటావు. ఆడది అని రాయనేవా? రెండు తలలు సూసి అలగ రాయకూడదంటావు. నాకు ఒక్క తల సాలు బాబూ, నాను కన్న తల. పోనీలే. తెలీదన్న ముక్కే రాయి. అదైనా నిజమే. మొదటి కాయితం తప్పని కూడా రాయి. కొండ ఆడోళ్ళ కొలతలు నా కాడ నేవు అని రాయి. సిన్నతనమేటి? నువ్వు సిన్నబోతే రెండు రోజుల్లో సర్దుకుంటావు.

దీంతో ఆ ఫైలు మళ్ళీ ఇప్పుతారా? ఇప్పాల్సిందేనా? బుధుగాణ్ణి పిలిసి అడుగుతారా? అడగాల. జవాన్లు మళ్ళీ నవ్వితే ఈ కాయితం ఆల మొకాన కొడతాను. దిసారికి మల్లేశు సదివి సెప్తాడు. బతికుందని ఎవులూ అననేదని సెప్తే పిలుత్తాడేమో.

ఇంకేటి? ఆగిపోనావేటి? ఆకరిసారి సూసినోళ్ళ పేరా?

రాసుకో. సోములమ్మ, తల్లి.

ఎలగుందప్పుడు అంటే? బాగానే ఉంది. అంబలి తాగినాది, ఎల్లినాది.

అలగ సూడకు నన్ను. కనక బొమ్మకాసి ఏటి సూపిత్తన్నావు? ఆ గీత ఏటి? సెవి మీద ఎముక సన్నగా సిట్లిందా? గెడ్డలో రాళ్ళకి తగిలి అయ్యుండొచ్చు. అంతకు ముందే అయ్యుండొచ్చు. నీకు తెలీదు. అదీ తెలీదు నీకు.

నాకు తెలుసు.

బాగానేదు బాబూ. సెవి మీద వాసిపోయుంది, ఇక్కడే, ఇందాక నువ్వు నా మీద సెయ్యెట్టిన కాడే. బుధుగాడు రోకలితో కొట్టినాడంది. తల తిప్పనేకపోతంది. ఎల్లనమ్మా, నీ కాడే ఉండిపోతానంది. పండగ ముందు ఆడకూతుర్ని ఇంట్లో అట్టీపెట్టుకున్నానని పెద్దలు తగువెడతారని నాకు బయం. అత్తోరికి పండగకని గంప నింపినాను. సామలు, రెండు గుమ్మడికాయలు, పసుపుకొమ్ములు. బరువు కాస్త ఎక్కువే ఏసినాను, నా గుంటని ఆలు సిన్నసూపు సూడకూడదని.

గంప ఎంత బరువున్నా ఆడది మొయ్యగల్దు. తనంతట తాను నెత్తికెత్తుకోనేదు. ఎత్తడానికి ఇంకో మనిసుండాల. నాను ఎత్తనంటే అది ఎల్లగలిగీది కాదు, అంతే కదా. ఎత్తకమ్మా, మెడ నొప్పిగా ఉంది అంది. ఎత్తినాను.

ఆ దారి గెడ్డ మీద గట్టెంటే ఎల్తాది, ఒక పాదం పట్టీ అంత. ఇంటికే రానేదని బుధుగాడన్నాడే, అది నిజమేనేమో. ఎదురొచ్చి ఆడు తోసినాడో, నా గంపే తోసినాదో. పోలీసోళ్ళు ఆడి సేతులు కట్టి తెత్తే సూడాలనుంది నాకు. తెచ్చినాక ఆడు ఏటి సెప్తాడో అని బయంగా కూడా ఉంది. ఇన్నాళ్ళూ నిన్నూ ఇనస్పెట్రునీ తిట్టుకుంటా ఉంటే ఆ బయం కొంచెం తగ్గీది.

పెన్ను మూసీకు. ఇంకో ముక్కుంది. ఇది దిసారికి సెప్పనేదు, మల్లేశుకీ సెప్పనేదు.

గంపెత్తినాక గుమ్మంలోనే నిలబడిపోనాది కనక. కదల్నేదు. అప్పుడు నాను దాని మెడ మీద సెయ్యేసి అన్నాను. "మగోడి మెడే నీది. ఏటీ అవ్వదు, ఎల్లు."

నువ్వు స్కేలెట్టి కొలిసి రాసినావు బాబూ. నాను కొలవకుండానే అనీసినాను.